ఎద్దుల సంతలో జామింగ్ విమానం

నా దగ్గర పగ నిలవదు. అంగడి నడిపేవాడికి నిలవకూడదు కూడా. పొద్దున తిట్టిపోయినవాడే సాయంత్రం పలుపుతాడు కోసం వస్తాడు, వాడికి నవ్వుతూ మూరలు కొలిచి ఇయ్యాలి. అట్లా ఊరందరి తిట్లూ మింగి అరిగించుకున్న కడుపు నాది. ఒక్క మనిషి మీది పగ మాత్రం అరగలేదు. అతను ఎద్దుల దళారి. అతన్ని దెబ్బ కొట్టడానికి నేను ఓడ మీది నుంచి లేచే ఒక రకం యుద్ధవిమానాన్ని వాడుకున్నాను. ఆ విమానాన్ని నేను కంటితో చూడలేదు. మా కోయిలకుంట్లకు సముద్రం ఎంత దూరమో కూడా నాకు సరిగా తెలియదు.

మాది తాళ్ళ అంగడి. ముకుతాళ్ళు, పగ్గాలు, మువ్వల పట్టీలు, మెడగంటలు, చర్నాకోలలు. ట్రాక్టర్లు వచ్చినప్పుడు ఇంక తలుపు వేసుకోవాల్సిందే అన్నారు మా చిన్నాయనలు. వాళ్ళూ అంగళ్ళవాళ్ళే కాబట్టి ఆ మాట దిగులుతో అన్నారో, మా చోటు మీద కన్నుతో అన్నారో చెప్పలేను. మమ్మల్ని బండలాగుడు పందేలు బతికించాయి. సేద్యానికి ఎద్దు అక్కర లేనివాళ్ళు కూడా పందేనికి జత కొని, కారును కూడా కడగనంత ముద్దుగా కడుగుతున్నారు. నాకు వచ్చిన విద్య బేరం ఒక్కటే. చిన్నప్పుడు మా అమ్మ అన్నం తినిపిస్తుంటే ముద్దలు తగ్గించమని బేరమాడేవాణ్ణట. ఆమె తగ్గించినట్టే తగ్గించి ముద్ద పెద్దది చేసేదట. మొదటి ఓటమి అదే.

సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. ఆ చేతుల మీద తువ్వాల కప్పుతారు. దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. వేలు పట్టుకుంటే ఒకటి, పిడికిలి మొత్తం పట్టుకుంటే ఐదు. వేలా లక్షా అన్నది ఎద్దును చూస్తేనే తెలుస్తుంది. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలియాలి, అదీ మర్యాద. పైకి మాత్రం ఎండ గురించో, రాని వానల గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. ఒప్పుకున్న చెయ్యి గట్టిగా నొక్కి వదిలితే బేరం తెగినట్టు. బయానా, అదే అడ్వాన్సు సొమ్ము, చేతిలో పడ్డాక వెనక్కి తీసుకున్నవాడికి ఆ సంతలో మళ్ళీ ఎవరూ చెయ్యి ఇయ్యరు.

ఆ ఏడాది మా బావకు జత ఎద్దులు కావాల్సి వచ్చాయి. బావ అంటే మా అక్క భర్త. నౌకాదళంలో పనిచేసి రిటైరై కమలాపురంలో సొంత చేలోకి వచ్చాడు. విమానాలు ఎక్కిదిగే పెద్ద ఓడ మీద, ఆ విమానాల్లోని ఎలక్ట్రానిక్ పెట్టెలు బాగుచేయడం ఆయన పని. పందేనికి జత కట్టాలని ఆయనకు కుర్రతనం నుంచి కోరిక. బేరం నన్ను చేయమన్నాడు. నేను ఒప్పుకోవడమే కాదు, ఊళ్ళో చెప్పుకున్నాను కూడా.

నాలుగు పళ్ళ వయసు జత ఒకటి దొరికింది. తెల్లగా, మూపురాలు ఎత్తుగా, నడిస్తే నేల అదిరేట్టు ఉన్నాయి. ఆసామితో తువ్వాల కింద చేతులు కలిపాను. వేళ్ళ బేరం నిదానంగా నడుస్తోంది. పక్కన ట్రాలీకి ఆనుకుని ఆ దళారి వక్కాకు నములుతూ నిలబడ్డాడు. మా వైపు చూస్తున్నట్టు కూడా లేదు. నేను చివరి వేలు పట్టుకోబోయే ముందు వచ్చి, నా తువ్వాల తీసి నా భుజం మీద వేసి, తన తువ్వాల కప్పి, ఒక్క పట్టులో బేరం తెంపేశాడు. బేరం తెగాక ఆసామి చెప్పిన ధర నేను ఇవ్వదలచుకున్నదానికి ఒక్క వేలు మాత్రం ఎక్కువ. నా ధర నా వేళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఎట్ల తెలిసిందప్పా నీకు?" అన్నాను.

"వేళ్ళు దాచుకుంటివి. మోచెయ్యి యాడ దాచుకుంటావు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేట్టు నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తాడు. "చూడండప్పా, ఈయప్పకు ఆశ ఈడ ఉండాది. ధర పెంచేటప్పుడల్లా ఇది అదురుతాది, లెక్కపెట్టుకుంటే చాలు. ఇంగ తువ్వాల ఏమిటికి, చీటీ రాసి అంటించుకోరాదా?"

సంతంతా నవ్వింది. నాతో వచ్చిన మా బావ నవ్వలేదు కానీ పక్కకు తిరిగాడు, అది ఇంకా అన్యాయం. వారం తిరక్కుండా నా పేరు మోచేతప్ప అయింది. "ఏం మోచేతప్పా, పగ్గం ఎంతకిస్తావు?" అని అడిగేవాళ్ళు. అడిగి మొహం చూడకుండా మోచెయ్యి చూసేవాళ్ళు. ఎండాకాలం కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని చెమటలు కక్కుకుంటూ అంగట్లో కూర్చున్నాను. ఎగతాళి సంగతి అటుంచండి, బేరంలో ఓడినవాడన్న పేరు అంగడివాడికి పడకూడదు. తాడు పురి విడిపోతే మళ్ళీ పేనవచ్చు, ఆ పేరును పేనలేం. ఆ జత పోయినందుకు మా బావ బాధపడ్డాడు. నాకు జత అక్కర్లేదు. నాకు ఆ మనిషి కావాలి. అదే సంతలో, అదే నవ్వుల మధ్య, వాడి కన్ను మీద వాడికే నమ్మకం పోవాలి. ఎట్లాగో తెలియక సగం ఏడాది పళ్ళు నూరుకున్నాను.

దారి బావే చూపించాడు. ఒకనాడు అక్కతో కలిసి అంగడికి వచ్చి, బస్తా మీద కూర్చుని అన్నాడు.

"నువ్వు ఓడింది బేరంలో కాదు బామ్మర్దీ. నువ్వు రేడార్ మాదిరి వెలుగుతాండావు, వాడు చీకట్లో కూర్చోని వింటాండాడు. అంతే."

"నాకు ఆ ఓడ భాష వద్దు బావా. తెలుగులో చెప్పు."

"ఒక రకం విమానం ఉండాది. ఓడ మీద నుంచే లేస్తాది. దాని పని బాంబులేసేది కాదు, అవతలోని కళ్ళు, చెవులు చెడగొట్టేది. జామింగ్ అంటారు."

"మీ ఓడ మీద ఉన్నిందా?"

"మావాటి సంగతి అడగొద్దు, చెప్పను. ఇది పరాయి దేశానిది. వాళ్ళతో కలిసి సముద్రంలో విన్యాసాలు చేస్తిమి. ఒక పూట మమ్మల్ని వాళ్ళ ఓడ మీదికి పిలిచి కాఫీ ఇచ్చినారు. ఆ విమానం చుట్టూ తాడు కట్టి, ఇవతల నిలబడి చూడమన్నారు."

"తాడు ఏ రకంది?" అన్నాను. నా గుణం అది.

"నీ మొగం. విను. చూసేదానికి మామూలు యుద్ధవిమానమే. ఓడ మీద చోటు చాలదు గాబట్టి రెక్కలు పైకి మడుచుకోని నిలబడి ఉండాది. ఇద్దరు కూర్చుంటారు. ముందోడు నడుపుతాడు, ఎనకోడు వింటాడు. రెక్కల కొసల్లో చెవులు, ఏ రేడార్ యాడ పలుకుతాందో పట్టేదానికి. రెక్కల కింద బాంబులుండాల్సిన చోట పొడుగాటి పెట్టెలు. ఒక్కో పెట్టె ముక్కున ఒక చిన్న గాలిపంకా. విమానం ఉరికే గాలికి ఆ పంకా తిరిగి, దానికి కావాల్సిన కరెంటు అదే పుట్టించుకుంటాది."

"కరెంటు బిల్లు లేకుండానా?" అంది అక్క. ఆమెకు ఆ ఒక్క ముక్క నచ్చింది.

"ఆ కరెంటుతో గోల చేస్తాది. చెవులకు వినపడే గోల కాదు. అవతలోని రేడార్ ఏ స్వరంలో పలుకుతాదో అదే స్వరంలో అరుస్తాది. రేడార్ ముందు కూర్చున్నోనికి తెర మీద నురగ తప్ప ఏమీ కనపడదు. ఇంగో పద్ధతి, గోల చేయకుండా అబద్ధం చెప్పేది. రేడార్ పంపిన కిరణాన్ని పట్టి, కొంచెం మార్చి తిప్పి పంపుతాది. ఆకాశంలో ఒక్క విమానం లేకున్నా వానికి నాలుగు కనపడతాయి. లేని దాని మీదికి వాడు గురిపెడతాండంగా, బాంబులేసే విమానాలు ఇంగో పక్క నుంచి పోతాయి."

"అయినా వాడు రేడార్ ఆపకుంటే?"

"ఆ కిరణాన్నే పట్టుకోని పోయి రేడార్‌ను కొట్టే క్షిపణి ఉండాది దానికి. వాడు ఎంత గట్టిగా చూస్తే అంత తేలిగ్గా దొరుకుతాడు."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. దేవుడి కథలు విన్నప్పుడు కూడా అట్లా కాలేదు. ఎంత గట్టిగా చూస్తే అంత తేలిగ్గా దొరికే మనిషి నాకు ఒకడు తెలుసు.

ఆ రోజు నుంచి మా అంగడి వెనక గదిలో విమానం తయారైంది. ముందు వినాలి అన్నాడు బావ. సరేనని రెండు మూడు సంతలకు పోయి తాళ్ళు అమ్ముతూ దళారినే చూశాను. వాడు ఎప్పుడూ దూరంగా, పక్కవాటుగా నిలబడతాడు. మొహాలు చూడడు. మోచేతులు, భుజాలు చూస్తాడు. ఎక్కడ అదురు కనపడితే అక్కడికి పోతాడు. ఎద్దుకు పళ్ళు చూడటం, నడిపించి చూడటం తర్వాత. కొన్నిసార్లు చూడనే చూడడు. ఇంకొకడు ఆశపడ్డాడంటే ఎద్దు మంచిదేనని వాడి లెక్క. వాడు ఎద్దుల్ని కొనడం లేదు, ఇతరుల ఆశను కొంటున్నాడు. ఈ సంగతి తెలిసిన నాడు నాకు ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. బావ వద్దన్నాడు.

తర్వాత అబద్ధం కావాలి. అది నాకు నల్లమల అవతల ఒక పందెంలో దొరికింది. గంటలు అమ్ముకోవడానికి పోయాను. చూడటానికి మహారాజులాంటి జత ఒకటి బండకు కట్టారు. తప్పెటలు మోగగానే కుడిపక్క ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. తోక మెలిపెట్టినా లేవలేదు. తప్పెటలు ఆపితే లేచింది, మోగిస్తే మళ్ళీ కూర్చుంది. ఆసామి తల దించుకుని, "ఇంట్లో బంగారమప్పా, జనం ముందర ఇట్ల చేస్తాది," అన్నాడు. వచ్చే సంతకు మా వైపు తోలుకురమ్మని నేనే సలహా ఇచ్చాను. దయగల మొహం పెట్టుకునే చెప్పాను.

బావకు నిజంగా నచ్చిన జత వేరే ఉంది, అవుకు ఊరి పక్క ఒక ముసలి ఆసామిది. అదీ ఆ సంతకే వస్తుందని తెలిసింది. ఇక పథకం. మా వీధి అంగళ్ళవాళ్ళు కొందరు సంతలో అక్కడక్కడా తువ్వాలలు కప్పి ఉత్తుత్తి బేరాలు ఆడాలి, అది గోల. తప్పెట్లకు కూర్చునే జత దగ్గర నేను ఆశపడాలి, అది అబద్ధం. ఆ సందులో ముసలి ఆసామితో అసలు బేరం జరగాలి. అది ఎవరు చేయాలన్నదే చిక్కు. ఎవరు తువ్వాల కప్పినా దళారి చూస్తాడు.

"నేను చేస్తా," అంది అక్క.

"ఆడోళ్ళు తువ్వాల కింద చెయ్యి పెట్టరు కదక్కా."

"పెట్టను. నోటితో అడుగుతా. నోటితో అడిగేదాన్ని ఎవురు చూస్తారురా మీ సంతలో?"

బావ ఆమె వైపు చాలాసేపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కొత్తగా చూసినట్టు.

బావ నాకు ఒక హెచ్చరిక కూడా చేశాడు. "వాని నుంచి దూరంగా నిలబడు. గోల చేసే విమానం మరీ దగ్గరికి పోతే, రేడార్‌కు గోల కంటే విమానమే గట్టిగా కనపడతాది. వానికి నీ మోచెయ్యి మాత్రమే కనపడాల. నీ కండ్లు కనపడరాదు."

సంత రోజున పొట్టిచేతుల చొక్కా వేసుకున్నాను. నన్ను చూసి నలుగురు నవ్వారు, నవ్వనిచ్చాను. అనుకున్నట్టే ఇక్కడా అక్కడా తువ్వాలలు లేచాయి. దళారి మెడ అటూ ఇటూ తిరగడం మొదలైంది. ఈలోగా మా గోలే మాకు అడ్డం వచ్చింది. మా వీధి టీ అంగడాయన ఉత్తుత్తి బేరం ఆడుతూ ఆడుతూ ఒక కోడెదూడ మీద నిజంగా మనసుపడి, దాన్ని కొనేసి, మిగిలిన పని వదిలేసి దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు. సొంత గోల సొంత రేడియోను కూడా చెడగొడుతుందని బావ చెప్పనే చెప్పాడు. ఇంత చెడగొడుతుందని చెప్పలేదు.

తప్పెట్లకు కూర్చునే జత ఆసామితో నేను చేతులు కలిపాను. ఇక్కడే అసలు కష్టం వచ్చింది. ధర ఎడాపెడా పెంచాలి, చెయ్యి అదరాలి. నా వేళ్ళు పెంచనంటాయి. అబద్ధపు బేరమని తెలిసినా, ఎవడిదో ఎద్దయినా, ఆసామి ఒక వేలు పట్టుకుంటే నా వేలు తనంతట తానే సగానికి తగ్గిస్తోంది. పుట్టుబుద్ధి. మోచెయ్యి అంగట్లో గల్లాపెట్టె మీద ఉన్నంత నిమ్మళంగా ఉంది. దళారి ఒకసారి ఇటు చూశాడు, చూసి తిరిగిపోయాడు. నటనగా అదిరించబోతే చలిజ్వరం వచ్చినట్టు ఊగింది. ఆసామి, "ఒంట్లో బాగలేదా అప్పా?" అన్నాడు.

అటు చూస్తే దళారి నెమ్మదిగా అక్క ఉన్న వైపు నడుస్తున్నాడు.

అప్పుడు వాడి వీపు చూశాను. ఆ వీపు చూస్తుంటే నా చెయ్యి పట్టి పైకెత్తిన రోజు గుర్తొచ్చింది. వక్కాకు వాసన గుర్తొచ్చింది. పక్కకు తిరిగిన బావ మెడ, పగ్గం కొనడానికి వచ్చి నా చొక్కా చేతుల వైపు చూసిన పసివాడి నుంచి ముసలివాడి దాకా అందరూ గుర్తొచ్చారు. నా ప్రయత్నం లేకుండానే భుజం నుంచి అదురు దిగింది. తువ్వాల కింద ఆసామి పిడికిలి మొత్తం పట్టేశాను, మళ్ళీ పట్టేశాను. బేరమాడుతున్నానన్న సంగతే మరిచిపోయాను. ఆసామికి నొప్పి పుట్టి అబ్బా అన్నాడు.

దళారి ఆగాడు. తల తిప్పాడు. దూరం నుంచి వాడికి నా మోచెయ్యి కనపడింది, నా కళ్ళు కనపడలేదు. ద్వేషం, ఆశ రెండూ మోచేతికి వచ్చేసరికి ఒకే రకంగా అదురుతాయని నాకూ అప్పటిదాకా తెలియదు.

జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నా తువ్వాల తీసి నా భుజం మీద వేశాడు, పోయినసారి లాగానే. ఎద్దు పళ్ళు చూడలేదు. అడుగు వేయించి చూడలేదు. తన తువ్వాల కప్పి, నేను ఆవేశంలో ఎక్కడిదాకా పోయానో దానికి ఒక వేలు మీద తెంపేశాడు. బయానా ఆసామి చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి, "ఇంగా మానలేదా నీ మోచెయ్యి?" అన్నాడు.

అక్క వైపు చూశాను. ఆమె ముసలి ఆసామి పక్కన నిలబడి, "అన్నా, మా ఇంటాయన మంచోడు, ఎద్దుల్ని కొట్టడు, కావాలంటే నన్ను చూడు, నన్నే కొట్టలేదు," అంటోంది. ముసలాయన నవ్వుతూ పలుపు ఆమె చేతికి ఇస్తున్నాడు.

ఆ తర్వాత నేను తప్పెట్లవాళ్ళను పిలిచాను. సంత ముగింపులో తప్పెటలు మామూలే, ఎవరూ అనుమానించరు. దళారి కొత్త జతను లారీ వైపు నడిపిస్తున్నాడు. తప్పెటలు మోగాయి. కుడిపక్క ఎద్దు సంత నడిబొడ్డున మోకాళ్ళ మీద కూలబడింది. వాడు లాగాడు, అదిలించాడు, తోక మెలిపెట్టాడు. జనం మూగారు. ఎవరో మొదట నవ్వారు, నేను కాదు. నేను మూగినవాళ్ళ వెనక నిలబడి వాడి మొహం మాత్రం చూశాను. ఎద్దును చూడలేదు. ఆ మొహం చూడటానికి నేను ఎంత ధర అయినా పెట్టేవాణ్ణి, నా వేళ్ళు కూడా అడ్డం చెప్పేవి కావు.

మోచేతప్ప అనే పేరు అంతటితో పోయిందని చెప్పను. కానీ పిలిచేవాళ్ళ గొంతులో కొంచెం జాగ్రత్త వచ్చింది. నాకు కావాల్సిన దెబ్బ మాత్రం ఆ తర్వాత సంతల్లో పడింది. దళారి ఎప్పటిలాగే పక్కవాటుగా నిలబడతాడు. ఒక మోచెయ్యి అదురుతుంది. ఒక అడుగు వేస్తాడు, ఆగుతాడు. నిజమా అబద్ధమా అని చూస్తాడు. ఆ చూసేలోపు ఇంకెవరో చెయ్యి నొక్కేసి బేరం తెంపేస్తారు.

"తెర చెడిపోతే బాగుచేసుకోవచ్చు. తెర బాగుండి, దాన్ని నమ్మాల్నా వద్దా అని తెలియకుంటే, ఆ మనిషి పని అయిపోయినట్టే," అన్నాడు బావ. ఆయన గొంతులో జాలి ఉంది. "పెద్దోడయినాడు పాపం. వానికి చెప్పరాదా, ఆపొద్దు ఏం జరిగిందో?"

"చెప్తే నయమైపోతాడు," అన్నాను.

అక్క ఎద్దులకు కుడితి కలుపుతోంది. పందెంలో ఆ జత గెలిచిందా అని అడిగేవాళ్ళకు చెబుతున్నా, మూడో స్థానం వచ్చింది, ఫ్యాను ఇచ్చారు.

ఈ మధ్య దళారి మా అంగడికి వచ్చాడు. ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, తువ్వాల నెత్తిన వేసుకున్నాడు. ఆ కూర్చునే ఎద్దు ఇంకా ఆయన దగ్గరే ఉంది. సంతలో అందరూ చూశారు కాబట్టి కొనేవాడు లేడు. దానికి ముకుతాడు కావాలన్నాడు. రెండు తాళ్ళు ముందు వేశాను. వాటిని చూడకుండా నన్ను చూశాడు.

"ఒక మాట అడుగుతా చెప్పప్పా. నాటకాలు నేను శానా చూసినా. మొదట నువ్వు అదిరించింది నాటకం, నాకు తెలిసిపాయ. ఆమీట అదిరింది నాటకం కాదు. అది నిజం. ఆ ఎద్దు కూర్చుంటాదని నీకు ముందే తెలుసని ఆసామి చెప్పినాడు. తెలిసినోనికి ఏమిటికి అదురుతాది చెయ్యి?"

అడిగిన తీరులో కోపం లేదు. రోగి వైద్యుణ్ణి అడిగినట్టు అడిగాడు. ఒక్క క్షణం నిజం నా నోటిదాకా వచ్చింది. నీ మీదే అదిరిందప్పా, నీ వీపు చూసే అదిరింది అని చెబితే సరిపోతుంది. వెంటనే అర్థం చేసుకుంటాడు, అంత తెలివి ఉంది. వచ్చే సంతకు మళ్ళీ ట్రాలీకి ఆనుకుని వక్కాకు నములుతాడు.

"నూలుదా, నైలానుదా?" అన్నాను.

అతను నూలు తాడు తీసుకుని, నేను చెప్పిన ధర ఇచ్చి పోయాడు. తగ్గించమని అడగలేదు. ఎద్దుల సంతను తువ్వాల కింద ఏలిన మనిషి ఒక ముకుతాడుకు బేరమాడటం మరిచిపోయాడు.

ఆ పూట ఇంట్లో వంకాయ కూర మాడింది. ఎవరూ సరిగా తినలేదు. నాకు మాత్రం రుచిగా ఉంది, రెండోసారి వడ్డించమన్నాను.